తిన్న రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష గారికి

మహారాజశ్రీ పరీక్ష గారికి నమస్కారాలు.

తమరి దర్శనం కోసం నిన్న ఒక పూటంతా ధారపోశాను. పరగడుపున రమ్మన్నారు, వచ్చాను. క్యూ కదిలి తొలి సూది పడేసరికి పదిన్నర. వీధి చివరి హోటల్లో రోజూ తినేదే తిన్నాను. పరీక్ష ఉందని ఆ ఒక్కరోజు ఇడ్లీలు సగానికి తగ్గించే పెద్దమనుషుల్లో నేను లేను. రెండు గంటల లెక్క తినడం మొదలుపెట్టినప్పటి నుంచే కాబట్టి, మొదటి ముక్క తుంచుతూనే గడియారం చూసుకున్నాను.

వేళకు వచ్చి కూర్చుంటే, రక్తం తీసే అబ్బాయి భోజనానికి వెళ్లాడన్నారు. అతని ఆకలిని తప్పుపట్టను. బదులు మనిషిని పెట్టని యజమాని సంగతే నాకు అంతుపట్టదు. "కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందండీ?" అన్నారు కౌంటరు దగ్గర.

ఏమవుతుందా? నాది టైప్ 2 షుగర్ జబ్బు. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా దాని మాట కణాలు సరిగా వినవు. క్లోమం ఎక్కువ తయారుచేసి చేసి అలసిపోతుంది. అందుకే తినగానే ఎక్కిన షుగర్ ఒక పట్టాన దిగదు. ఆ జాప్యాన్ని పట్టుకోవడానికే కదా తమరు పుట్టింది! మూడు గంటలు దాటాక సూది గుచ్చడమంటే, పంక్తి లేచాక విస్తరి వేయడమే.

రిపోర్టు వచ్చింది. పరగడుపున 148, తిన్నాక 139. పక్కన "రెండు గంటలకు" అని నిబ్బరంగా అచ్చు వేశారు. అది చూసి పక్కింటి పెద్దాయన "కాకరకాయ రసం పనిచేసింది" అంటూ ఇంకో సీసా పంపారు. మొదటి సీసా మూతే నేనింకా తీయలేదు.

తమరి అన్నగారు పరగడుపు పరీక్షా తక్కువవారు కారు. తెల్లవారుజామున కాలేయం తనంతట తాను చక్కెర వదిలితే, రాత్రి ఏం తిన్నావని నన్ను నిలదీస్తారు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష గారు కాస్త నయం, ఉపవాసం అడగరు. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కాబట్టి రెండు మూడు నెలల జాతకం చెప్పేస్తారు. కానీ సగటు సగటే. ఏ పూట ఏ పళ్లెం కొంప ముంచిందో చెప్పగలిగేది తమరే. అందుకే వదులుకోలేకపోతున్నాను.

అయినా, ఆ దొంగ అంకెను పట్టుకునే కదా డాక్టరు మాత్ర పెంచాలా, అలాగే ఉంచాలా అని తేల్చేది? డబ్బు పోతే పోయింది. కళ్లు నావి, మూత్రపిండాలు నావి, తిమ్మిరెక్కే అరికాళ్లు నావి! వేళ దాటితే దాటిందని కాగితం మీద రాయడానికి సిరా తక్కువైందా?

రేపు మళ్లీ వస్తున్నాను. ఇడ్లీలు డబ్బాలో తెచ్చుకుని కౌంటరు ముందే కూర్చుని తింటాను, మొదలుపెట్టిన వేళ వాళ్ల చేతే రాయిస్తాను. రెండో డబ్బా ఆ అబ్బాయికి. అతను కుర్చీ కదలకూడదు.