అమెరికాలో కరెంటు ఎప్పుడొస్తుంది?

"లింబోలో ఉన్నాం మావయ్యా" అన్నాడు మా మేనల్లుడు, మళ్లీ. అమెరికాలో శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు సంగతి అడిగితే చాలు, లింబో అంటే డాలస్ పక్కనుండే ఊరన్నంత తాపీగా చెబుతాడు. త్రిశంకు స్వర్గమనే లక్షణమైన మాట మనకుండగా ఈ లింబో ఏమిటని ఒళ్లుమండి నిఘంటువు తిరగేశాను.

లాటిన్‌లో లింబస్ అంటే అంచు. చీరకుంటుందే, అలాంటిదే. నరకానికీ ఒక అంచుందని, బాప్తిస్మం అందకుండానే కన్నుమూసిన పసికందులు స్వర్గానికి నోచుకోక, నరకంలోనూ పడక అక్కడే ఉండిపోతారని మధ్యయుగాల క్రైస్తవ పండితులు చెప్పారు. తరవాతివాళ్లకి అది మనసొప్పలేదు. 2007 ఏప్రిల్లో వాటికన్ పండితుల సంఘం ఒక పత్రం వెలువరించి, ఆ పిల్లలకీ మోక్షం దొరుకుతుందని ఆశపడొచ్చని, లింబో అన్నది మరీ ఇరుకు ఆలోచనని తేల్చింది. దేవుడి దగ్గర ఖాళీ అయిన ఆ స్థలాన్ని అమెరికా ప్రభుత్వం లీజుకి తీసుకున్నట్టుంది.

గృహప్రవేశం కూడా ఆ ఏడాదే జరిగింది. ఉద్యోగాల మీద గ్రీన్‌కార్డు కోసం వరసలో ఉన్న దాదాపు అందరి తేదీలూ జులై నెలకి 'కరెంట్' అయ్యాయి, అంటే వంతు వచ్చేసింది, దరఖాస్తులు పట్టుకురండి అని ముందే చాటింపు వేశారు. జనం లాయర్లకి డబ్బు కట్టి, డాక్టర్ల చేత పరీక్షలు చేయించుకుని పరుగెత్తారు. జులై 2న వెళ్లేసరికి ఆ ఏటి కార్డులు అయిపోయాయన్నారు. మనవాళ్లు గాంధీగారిని తలుచుకుని వలసల శాఖ డైరెక్టరుకి పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని సైనికుల ఆసుపత్రికి పంపించేశాడు. చివరికి జులై 17న దిగొచ్చి, నెల రోజులు దరఖాస్తులు తీసుకున్నారు. దరఖాస్తులే సుమండీ, కార్డులు కాదు.

ఈ లోకంలో మనిషికొక 'ప్రయారిటీ డేట్' ఉంటుంది, వరసలో చేరిన రోజన్నమాట. ఏ ప్రాధాన్యమూ లేనివాడికిచ్చే తేదీకి ఆ పేరు పెట్టిన మహానుభావుడికి నా దండం. ఏ తేదీ దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ అనే పంచాంగం నెలకోసారి వస్తుంది. రాశిఫలాలు చూసుకున్నట్టు ఇల్లిల్లూ చూసుకుంటుంది. ఒక నెల తేదీ రెండు వారాలు ముందుకి జరుగుతుంది, ఇంకో నెల ఏడాది వెనక్కి. శని ఒక రాశిలో కూర్చున్నా రెండున్నరేళ్లకైనా వదులుతాడు. ఇది వక్రిస్తే శాంతి చేయించడానికి సిద్ధాంతి కూడా దొరకడు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా తెచ్చుకున్నవాడే, కోరిక తీరాక 108 కూడా అప్పజెప్పినవాడే మావాడు. అయినా కరెంట్ కాలేదు.

తెనాలిలో మా అక్కయ్యకి తెలిసిన కరెంటు ఒకటే. ప్రతి ఆదివారం ఫోన్‌లో "ఒరేయ్, కరెంటొచ్చిందా?" అని కేకేస్తుంది. "రాలేదమ్మా." ఎదురింటి పిన్నిగారు విని, "అమెరికాలో కూడా కోతలేనా వదినా! ఎన్నాళ్లయింది?" అంది. "2016 నుంచి" అంది అక్కయ్య. మా వీధిలోనే ఒక రిటైర్డ్ లైన్‌మన్ గారున్నారు. ఆయన్ని పిలిపించారు. "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయుంటుందమ్మా. ఏఈ గారిని కలవమనండి" అన్నాడాయన. కలిశాడు, ప్రాసెస్‌లో ఉందంటున్నారంది అక్కయ్య. "అంతే, మా డిపార్టుమెంటే" అని తృప్తిపడి, "పోనీ ఫేజు మార్చి చూడమనండి" అన్నాడు. అదీ అయింది. ఉద్యోగాల కార్డుల్లో ఈబీ-టూ అనే రెండో తరగతి వరస నుంచి ఈబీ-త్రీ అనే మూడో తరగతి వరసకి మారాడు. మారాక ఆ ఫేజూ పోయింది. ఈసారి వెనక్కెళ్లిందట అని అక్కయ్య చెప్పగానే లైన్‌మన్ గారి మొహం పాలిపోయింది. "రివర్స్ కరెంటా! అమ్మా, పిల్లాణ్ణి తీగ ముట్టుకోవద్దనండి." ఆ మాట యథాతథంగా డాలస్ చేరింది. అక్కడి లాయరుకి వేలడాలర్లు పోసినా ఇంత తెలివైన సలహా రాలేదని మావాడి ఉద్దేశం.

1990 నాటి చట్టం లెక్క ఇది: ఉద్యోగాల మీద ఏడాదికి సుమారు 1,40,000 కార్డులు, అందులోనే పెళ్లాం పిల్లలూను. మామూలుగా ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ 7 శాతం దాటకూడదు. నాలుగు లక్షల జనం కూడా లేని ఐస్‌లాండుకీ 7 శాతమే, మనకీ 7 శాతమే. ఎంత సమానత్వం! ఏనుగుకీ ఎలకకీ ఒకే కొలత గిన్నెతో కూడు. ఈలోగా మూడేళ్లకోసారి వీసా పొడిగించుకోవాలి, పన్నులు కట్టాలి, ఉద్యోగం ఊడితే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి.

వాడి సంగతి వదిలెయ్యండి, తెలిసే వెళ్లాడు. పిల్ల సంగతేమిటి? ఆరేళ్లప్పుడు వెళ్లింది, ఇప్పుడు పద్దెనిమిది. ఇరవై ఒకటి నిండేలోపు తేదీ రాకపోతే తండ్రి వీసా కింద ఉండటానికి వీల్లేదు. విద్యార్థి వీసా తెచ్చుకోవాలి, లేదా 'సొంత దేశం' వెళ్లాలి. ఆ సొంత దేశాన్ని అది రెండు వేసవి సెలవుల్లో చూసింది. పన్నెండేళ్లు మీ బళ్లో కూర్చోబెట్టుకున్నారు, మీ జెండాకి వందనం చేయించారు, ఇప్పుడు పుట్టినరోజు కేకు కోసిన చేతికే పెట్టె అందిస్తారా? ఏం తప్పు చేసిందని? అంచున ఉన్న పసిపిల్లల గురించి ఆలోచించి వాటికనే సిగ్గుపడింది కదా, మీకేమొచ్చింది?

మొన్న ఆదివారం అక్కయ్య ప్రశ్న మార్చింది. "వచ్చినప్పుడే వస్తుందిలేరా. పిల్ల ఇన్నాళ్లూ ఆ చీకట్లో ఎలా చదువుకుంటోంది?"

మావాడు జవాబు చెప్పలేదు. లైను తెగిందనుకుంది అక్కయ్య.