పుట్టినరోజు ఎవరిదండీ అసలు?

ఇప్పుడే కావలి నుంచి వచ్చి పడ్డాం. అర్ధరాత్రి దాటింది. చెవుల్లో ఆ మైకు ఇంకా మోగుతూనే ఉంది. ఇది రాస్తే గానీ నిద్రపట్టదు నాకు.

మా తమ్ముడి కొడుక్కి రెండేళ్ళు నిండాయి. నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి, అందులో తేడా లేదు. కానీ ఈ రాత్రి వాడు తప్ప మిగతా అందరూ పుట్టినరోజు చేసుకున్నారు. రోజూ ఎనిమిదింటికల్లా నిద్రపోయే బిడ్డ. కేకు కోసేసరికి పది. ఎందుకంటారా? ఎవరో లీడర్ గారు రావాలట! వచ్చాడు మహానుభావుడు. బుగ్గ గిల్లాడు, ఫొటో దిగాడు, వెళ్ళిపోయాడు. పిల్లోడి పేరు కూడా అడగలేదు. పోనీలెండి, ఆ ఫొటో రేపు ఫ్లెక్సీకి పనికొస్తుంది.

ఆయన వచ్చేదాకా జనం లేచిపోకుండా ఒక యాంకరమ్మను పెట్టారు. "కావలీ, సౌండ్ రావట్లేదు!" అని ఒకటే కేక. రాకపోవడమేంది తల్లీ, స్పీకర్ పక్కన కూర్చున్న మా పెద్దనాన్న చెవి మిషన్ పీకి జేబులో వేసుకున్నాడు! ఇక ఆటలు. మొగుళ్ళు పెళ్ళాల మొహాన బొట్టుబిళ్ళలు అంటించాలి. జడలో స్ట్రాలు గుచ్చాలి. బెలూన్ల మీద కూర్చుని పగలగొట్టాలి. గెలిస్తే ఒక ప్లాస్టిక్ డబ్బా. వీటిలో రెండేళ్ళ పిలకాయ ఆడే ఆట ఏదో మీరే చెప్పండి. బెలూన్ పగిలినప్పుడల్లా ఉలిక్కిపడి ఏడుపు. మధ్యలో ఒక రబ్బరు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మా అమ్మ చూసి తీసింది కాబట్టి సరిపోయింది. అది గొంతుకు అడ్డం పడితే ఊపిరాడదు. అదే నిమిషంలో యాంకరమ్మ, "బుజ్జిగాడికి గట్టిగా చప్పట్లు!"

కేకు దగ్గర ఇంకో ఘనకార్యం. చిచ్చుబుడ్డిలా మండే కొవ్వొత్తి ఒక పక్క, నురుగు స్ప్రే డబ్బాలు పట్టుకున్న కుర్రాళ్ళు ఇంకో పక్క. ఒరే నాయనా, ఆ నురుగును బయటికి తోసేది చాలా డబ్బాల్లో బ్యూటేన్, ప్రొపేన్ లాంటి మండే గ్యాసే! మంట ముందు అది కొడతారా? నేను అరిస్తే మా మరదలు, "వదినా, టెన్షన్ పడబాకండి, అందరూ చేసేదే కదా" అంది. అందరూ చేస్తారు సరే, కాలేది ఎవరికమ్మా?

బిడ్డను చూస్తేనా? మన నెల్లూరు జిల్లా ఉక్కలో వాడికి సూటూ బూటూ, పైన కిరీటం. కిరీటం జారకుండా కట్టిన ఎలాస్టిక్ గడ్డం కింద ఎర్రగా అచ్చు పడింది. నేను ఊడదీస్తే ఫొటోగ్రాఫర్ మళ్ళీ తొడిగాడు. థీమ్ యువరాజట!

వాడు నవ్వింది ఒక్కసారే. మా అమ్మ స్టేజీ పక్కన కింద కాళ్ళు చాపుకుని కూర్చుని, వాణ్ణి పాదాల మీద ఎక్కించుకుని ఊపింది. తర్వాత పిడికిలి మీద పిడికిలి పెట్టి గుడుగుడు గుంచం ఆడించింది. కిలకిలా నవ్వాడు, "మల్లీ, మల్లీ" అన్నాడు. ఇంతలో ఫొటోగ్రాఫర్, "అవ్వా, జరుగు, వెనక డెకరేషన్ కనపడట్లా". మోకాలు పట్టుకుని లేచింది మా అమ్మ. కన్న కొడుకు పక్కనే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. చదువు.

చదువు అంటే గుర్తొచ్చింది, చదివింపులు. పుట్టినరోజుకు చదివింపులేందండీ! గుమ్మంలో బల్ల, నోటు పుస్తకం, పక్కన క్యూఆర్ కోడ్. పైగా మైకులో కూడా చెప్పారు. మరదలి పుట్టింటివాళ్ళ గొలుసు గురించి రెండుసార్లు, మేనత్తనైన నా రెండు వేల నూట పదహార్ల గురించి గొణిగినట్టు ఒక్కసారి. పుస్తకం రాసింది ఎవరనుకున్నారు? మా పిన్నే.

ఆ పిన్ని సంగతి మీకు చెప్పాల్సిందే. మా పాప రెండో పుట్టినరోజు కోవూరులో ఇంట్లోనే చేశాం. మిద్దె మీద షామియానా, మా అత్తమ్మ చేత్తో మామిడికాయ వేసి పెట్టిన బొమ్మిడాయిల పులుసు, పిలకాయలకు దాగుడుమూతలు. పాప అందరి ఒళ్ళల్లో తిరిగి తిరిగి మా మామయ్య భుజం మీదే నిద్రపోయింది. ఈవిడ కడుపునిండా తిని, పులుసు డబ్బాలో కట్టించుకుని, గేటు దగ్గర నిలబడి ఏమందో తెలుసా? "హాలు దొరకలేదా పాపం?" ఆ "పాపం" నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ అదే మనిషి హాల్లో నా పక్కన చేరి, "ఎంత గ్రాండ్‌గా చేశాడే మీ తమ్ముడు" అంటోంది. అప్పు చేసి చేశాడు పిన్నీ, ఎవరిదగ్గర తెచ్చాడో కూడా నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. అమ్మ మొహం చూసి మింగేశా.

అయిపోలేదు. వచ్చే నెల ఒంగోల్లో మా మరదలి చెల్లెలి పాప పుట్టినరోజట. థీమ్ సముద్రం, అందరూ నీలం బట్టల్లో రావాలని ఇప్పటికే వాట్సాప్‌లో మెసేజ్. అసలు సముద్రాన్ని కొత్తపట్నంలో పెట్టుకుని ఏసీ హాల్లో థర్మాకోల్ సముద్రమంట! నేను ఎర్ర చీరే కట్టుకుని పోతా. ఆ యాంకరమ్మే వస్తే మాత్రం, మైకు లాక్కుని మా అమ్మ చేతికే ఇస్తా.