బండి ఆయనది, నడుం మాది

అన్నా, నీ బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్ బైకు బరువు 237 కిలోలు. దానికి రెండువైపులా అల్యూమినియం పెట్టెలు, క్రాష్ గార్డులు తగిలిస్తే ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో. అది అనంతగిరి అడవి దారిలో, వానకి నానిన ఎర్రమట్టిలో పక్కకి ఒరిగిందంటే లేపాల్సింది మేమే. "ఒక చెయ్యి వెయ్యండి తమ్ముడూ" అంటావు. చెయ్యి కాదన్నా, నడుం పోతోంది!

మంచి బండే, కాదనను. హైవే మీద రోజంతా నడిపినా ఒళ్ళు నొప్పుండదు, కంకర రోడ్డు మీదా హాయిగా పోతుంది. కానీ ఆఫ్‌రోడ్, అంటే రోడ్డే లేని దారిలో నడపడమంటే, పడటం, లేవటం, మళ్ళీ పడటం. ముందు 19 అంగుళాల చక్రం, దానికి తారు రోడ్డు టైరు... బురదలో ఏం పట్టు దొరుకుతుంది? వెనకాలే సుమారు 160 కిలోల హీరో ఎక్స్‌పల్స్ 200 బైకు మీద ఒక కాలేజీ పిల్లాడు, 21 అంగుళాల ముందు చక్రంతో గుంతలు దాటుకుంటూ పోతాడు. పడితే వాడే లేపుకుంటాడు. ఎడారుల్లో సాగే డకార్ ర్యాలీ రేసులోనే 2011 నుంచి 450 సీసీ దాటిన బైకుల్ని రానివ్వట్లేదు. వాళ్ళకి తెలీకనా?

పోనీ రోడ్డు మీదైనా సుఖమా అంటే, మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూ వీలర్లకి అనుమతే లేదు (ఎన్ని లక్షలు పోసినా సర్వీసు రోడ్డే గతి). మిగతా రోజులు గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడికి తొడలు కాల్చుకోవడమే.

ఆదివారం మళ్ళీ రమ్మంటున్నావు. వస్తా గానీ, ముందు ఆ పెట్టెలు ఇంట్లో పెట్టి రా.