మూడు కార్బురేటర్ల సంసారం

పాత ఇంజిన్ మీద మూడు కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే పరికరాలు) బిగించినప్పుడు పెట్రోలు గొట్టాలు ఎలా అమర్చాలన్నది మెకానిక్కులు తేల్చవలసిన విషయమని కొందరు అమాయకులు నమ్ముతున్నారు. ఖండిస్తున్నాను. అది పూర్తిగా అలంకారశాస్త్రం పరిధిలోది. గొట్టం ప్రథమ కర్తవ్యం మెరవడం. పెట్రోలు మోయడమంటారా, వీలునుబట్టి చూసుకోవచ్చు.

కాస్త చరిత్ర. 1932లో హెన్రీ ఫోర్డ్ సామాన్యులు కొనగలిగే కారులో వి8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పెట్టాడు. 3.6 లీటర్లు, 65 అశ్వశక్తి, కార్బురేటర్ ఒక్కటి. కాలిఫోర్నియా కుర్రాళ్లకు అది ఆనలేదు. స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లను రెండేసి, మూడేసి ఎక్కించి మురాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద దుమ్ము రేపారు. (97 అంటే దాని గొంతు వెడల్పు, అంగుళంలో నూరింట 97 వంతులు.) పాపం, వాళ్ల తాపత్రయమంతా వేగం కోసమే. నేటి భక్తులు పరిణతి చెందారు. కారును ట్రైలర్ ఎక్కించి ప్రదర్శనకు తెచ్చి, బానెట్ తీసి, పక్కనే మడతకుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ఇక గొట్టాలు. పంపు నుంచి వచ్చే గొట్టం ఒక బోలు దిమ్మెలో చేరాలి. అందులోంచి మూడు పిల్ల గొట్టాలు, ఒకే పొడవు, ఒకే వంపు, మూడు కార్బురేటర్లకు వెళ్లాలి. ఈ సమానత్వం చూసి ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిందే. అయితే చాలా బండ్లలో మామూలు నడకకు మధ్యది ఒక్కటే పనిచేస్తుంది. అటూ ఇటూ ఉన్నవి యాక్సిలరేటర్ బలంగా తొక్కితేనే తెరుచుకుంటాయి. అప్పటిదాకా అవి శాఖ లేని మంత్రులు. గొట్టం సమానం, మెరుపు సమానం, కోటా సమానం, పని మాత్రం శూన్యం. వాడని పెట్రోలు కార్బురేటర్ తొట్టిలోనే ఆవిరై జిగురు మిగులుస్తుంది, తొట్టి నిండగానే పెట్రోలును ఆపవలసిన ఫ్లోటు సూది ఆ జిగురుకు అతుక్కుంటుంది. ఎప్పుడో ఒకనాడు గట్టిగా తొక్కేసరికి మంత్రివర్యులు ఉలిక్కిపడి లేచి పొంగి పొర్లుతారు.

గొట్టం రాగిదై ఉండాలని వేరే చెప్పాలా? ఇంజిన్ అదురుకు రాగి పెళుసెక్కి, అతుకు బిగించడానికి అంచు విప్పార్చిన చోట పగులుతుందని, ఉక్కుదో రాగి-నికెల్ మిశ్రమానిదో వాడమని నిపుణులు మొత్తుకుంటారు. నిపుణులకు సౌందర్యదృష్టి తక్కువ. ఆ అంచు విప్పార్చడమే ఒక తపస్సు. గొట్టం కోసి, అరం పెట్టి గరుకు తీసి, బిగించి, నెమ్మదిగా తిప్పి, గంట మూతిలా అందంగా విచ్చుకున్నాక తల తిప్పి చూస్తే, ముందుగా గొట్టానికి తొడగవలసిన నట్టు బల్ల మీదే నవ్వుతూ ఉంటుంది. మళ్లీ కోయాలి. గొట్టం అంగుళం పొట్టిదవుతుంది, సమానత్వం మంటగలుస్తుంది.

ఒత్తిడి విషయంలో మాత్రం యజమానుల ఔదార్యం మెచ్చుకోదగినది. స్ట్రాంబర్గ్‌కు చదరపు అంగుళానికి 2.5 నుంచి 3 పౌండ్ల ఒత్తిడి చాలు. వీరు 6, 7 పౌండ్ల కరెంటు పంపు కొంటారు. ఫ్లోటు సూది కాసేపు పోరాడి చేతులెత్తేస్తుంది, పెట్రోలు పొంగి, కార్బురేటర్ల కింద వేడెక్కి ఉన్న మానిఫోల్డు (ఇంజిన్‌లోకి దారితీసే గొట్టాల దిమ్మ) మీదికి దిగుతుంది. అప్పుడు పంపును అదుపు చేయడానికి రెగ్యులేటర్, రెగ్యులేటర్ మీద నిఘాకు మీటరు. ఆ మీటరు బానెట్ కింద ఉంటుంది కాబట్టి నడిపేవాడికి కనబడదు. ప్రేక్షకులకు కనబడుతుంది, అది చాలు.

ఈ ఫోర్డ్ వి8లో పొగదారులు ఇంజిన్ దిమ్మె లోపలినుంచే పోతాయి, అందుకే కుంపటిలా కాగుతుంది. పాతకాలపు పంపు కూడా ఆ వేడి నెత్తినే కూర్చుంటుంది. పెట్రోలు కార్బురేటర్ చేరకముందే గొట్టంలో మరిగి ఆవిరవుతుంది, బండి నడిరోడ్డున మొరాయిస్తుంది. దీనికి అమెరికా పెద్దల వైద్యం, గొట్టానికి వరుసగా బట్టలారేసే చెక్క క్లిప్పులు తగిలించడం. పనిచేస్తుందా అని అడగకండి, ఆచారాలను అలా అడగరు. నా అభ్యంతరమల్లా అవి రాగిని కప్పేస్తున్నాయని.

ఇక మంటలార్పే సిలిండర్ అంటారా, ఉంది. కారు లాక్కొచ్చిన ట్రక్కులో పెట్టారు, దాని ఎరుపు కారు ఎరుపుతో కలవలేదట.