పటంలో పచ్చ, కంట్లో పచ్చ

రోగాల పటాలు వేసేవాళ్లకి ఒక అలవాటుంది. రోగం ఎక్కువున్న చోట ఎరుపు పూస్తారు, తక్కువున్న చోట పచ్చ. ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న మా పర్లాకిమిడి వాళ్లం ఈ పచ్చ విషయంలో చాలా పట్టుదలగా ఉన్నాం. ఆకుపచ్చో పసుపుపచ్చో తర్వాత సంగతి, పచ్చగా ఉంటే చాలు. అందుకు మేం ఎంచుకున్న మార్గానికి పైసా ఖర్చు లేదు. పరీక్ష చేయించుకోం, అంతే.

నవ్వకండి. పంజాబ్ వాళ్లకి ఏమైందో చూడండి. కాలేయాన్ని పట్టే హెపటైటిస్ సి రోగులకి మందులు ఉచితంగా ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2016లో మొదలుపెట్టింది. మందులుంటే జనం వస్తారు, వస్తే పరీక్ష చేస్తారు, చేస్తే రోగం బయటపడుతుంది. ఇప్పుడు ఆ రోగం పేరెత్తితే చాలు, పంజాబ్ పేరు కూడా వస్తుంది. అక్కడ నిజంగానే ఎక్కువ అనుకోండి, కాదనను. కానీ ఉన్నది ఉన్నట్టు వెతికి చూసుకోవడం ఏం తెలివి?

పోనీ దేశం మొత్తం లెక్క చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తీసిన రక్తపు చుక్కల్ని పరీక్షిస్తే హెపటైటిస్ బి నూటికి 0.95 మందిలో, సి 0.32 మందిలో కనబడ్డాయి. అంటే వందమందిని నిలబెడితే నిండుగా ఒక్క బి రోగి కూడా లేడన్నమాట. ఆ మిగిలిన 0.05 మనిషి గెడ్డ దాటి ఆంధ్రాలో ఉన్నాడేమోనని నా అనుమానం. ఇంతలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022కి ఇంకో లెక్క కట్టింది. మన దేశంలో బి ఉన్నవాళ్లు 2 కోట్ల 98 లక్షలట, సి ఉన్నవాళ్లు 55 లక్షలట. భాగహారం చేస్తే బి ఒక్కటే నూటికి రెండు దాటింది. రెండు లెక్కల మధ్య కోటిన్నర మందికి పైగా అటా ఇటా తేలకుండా నిలబడిపోయారు. అదేం కొత్త కాదు మాకు. కొరాపుట్ పక్కన, రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కొఠియా ఊళ్లలో చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి, రెండు చోట్లా ఓటూ ఉంది. మనుషులే అలా ఉన్నప్పుడు వైరస్‌ని నేటివిటీ సర్టిఫికెట్ అడగడం న్యాయం కాదు.

మా మావయ్య సంగతే తీసుకోండి. ఇల్లు ఆంధ్రా వైపు పాతపట్నం, కొట్టు పర్లాకిమిడి. బరంపురంలో ఎవరికో ఆపరేషనంటే రక్తం ఇవ్వడానికి వెళ్లాడు. వాళ్లు సీసా పక్కన పెట్టి, హెపటైటిస్ బి ఉంది, పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారు. విశాఖ వెళ్లి చూపించుకున్నాడు. ఇప్పుడు ఈయన ఎవరి ఖాతాలోకి వస్తాడు? రక్తం ఒడిశాలో తేలింది, ఆధార్ ఆంధ్రాది, మందులు విశాఖవి. మూడు చోట్లా రాసుకుని ఉండాలి, లేదా ఎక్కడా రాసుకుని ఉండరు. నేను రెండోదానికే పందెం కాస్తాను.

"మందులు వేసుకుంటున్నావా మావయ్యా?" అనడిగాను.

"ఏటి మందులురా అల్లుడూ. ఆ రోజు రక్తం ఇవ్వకపోతే నాకీ రోగమే ఉండేది కాదు."

కాలేయం గురించి ఇంత లోతైన మాట ఏ డాక్టరు నోటా నేను వినలేదు.

అక్కడితో ఆగలేదాయన. పసరు వైద్యుడి దగ్గరికీ వెళ్లాడు. ఆ వైద్యుడి పద్ధతి తెలిసిందే, చేతులకి ఏదో పసరు రాసి సున్నపు నీళ్లలో కడిగిస్తాడు, నీళ్లు పచ్చబడతాయి, కామెర్లు దిగిపోయినట్టు. ఏ రోగమూ లేని రోజుల్లో సరదాకి నేనూ కడిగించుకున్నాను. నావీ దిగాయి. ఆయన హస్తవాసికి తిరుగులేదు, ఎందుకంటే నీళ్ల ద్వారా వచ్చే ఎ, ఇ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. నెలలు నిండుతున్న గర్భిణికి ఇ రకం వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు ఆయన ఊళ్లో ఉండడు.

ఆ వైద్యుడు మావయ్య కళ్లు రెప్పలు విప్పి చూసి, తెల్లగా ఉన్నాయి, నీకేం లేదు పో అన్నాడట. బి, సి అలాగే ఉంటాయి మరి. రక్తంలో చేరి ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యవు, చేసేనాటికి కాలేయం గట్టిపడి ఉంటుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి రావచ్చు, వాడిన సూదే మళ్లీ వాడితే రావచ్చు. 2009లో గుజరాత్‌లోని మొడాసా చుట్టుపక్కల అలా సూదుల వల్లే హెపటైటిస్ బి ఊళ్ల మీద పడి జనం చచ్చిపోయారు. ఇంజెక్షన్ వెయ్యకపోతే డాక్టరే కాదనే మా వైపు ఇది చెప్పినా ఎవరూ వినరు.

2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద దేశమంతా బి, సి పరీక్షలూ మందులూ ఉచితం. సి అయితే పన్నెండు వారాల మాత్రలతో చాలామందికి పూర్తిగా పోతుంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు బి టీకా వెయ్యాలని కూడా ఉంది. ఇన్ని సదుపాయాలున్నా మేం చెక్కుచెదరలేదు.

డాక్టరు ఇంట్లో అందరినీ పరీక్షించమన్నాడని మొన్న అత్తకి చెప్పాను. చేస్తున్న పప్పు దించి, అద్దం తెచ్చుకుని, కన్ను కింది రెప్ప లాగి చూసుకుంది.

"తెల్లగానే ఉన్నాయి కదరా," అంది. "అయినా ఎవరి కార్డు పట్టుకెళ్లాలి? ఆంధ్రాదా, ఒడిశాదా?"