కొండ మీద ఇంటికి కోస్తా ప్లానా?

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో చాలామందికి ఒకటే కోరిక. లంబసింగి దగ్గరో అరకు దగ్గరో మంచులో ఓ చిన్న ఇల్లు ఉండాలి, కరెంటు తీగతో పని లేకుండా సోలార్ మీద నడవాలి, పర్యావరణానికి హాని చేయకూడదు. సోలార్ డీలర్ దగ్గరికి వెళ్లగానే వీళ్లు వేసే మొదటి ప్రశ్న, ఎన్ని కిలోవాట్ల ప్యానెళ్లు కావాలని. అక్కడే దారి తప్పుతోంది. చలి ప్రాంతంలో గ్రిడ్ లేని ఇంటికి ప్యానెళ్ల లెక్క చివర తేల్చుకోవాల్సింది. గోడ ఎంత మందం, పైకప్పు దేనితో, ఇల్లు ఏ దిక్కుకు తిరిగి ఉందన్నవి ముందు తేలాలి. నగరవాసి కలల కాటేజీ కంటే, అదే కొండల మీద ఇప్పుడు సర్కారు కట్టిస్తున్న ఇళ్లకు ఈ మాట ఎక్కువ అవసరం. నా బాధ అంతా దాని గురించే.

ముందు అంకెలు చూద్దాం. రెండు కిలోవాట్ల రూం హీటర్‌ను రాత్రి ఆరు గంటలు వేస్తే 12 యూనిట్లు కాలుతుంది. మన దగ్గర ఎండ బాగా కాసిన రోజున ఒక కిలోవాట్ ప్యానెల్ ఇచ్చేది సుమారు నాలుగు యూనిట్లు. అంటే ఆ ఒక్క హీటర్ కోసమే మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టాలి. అది నడిచేది రాత్రి కాబట్టి కరెంటంతా బ్యాటరీలో దాచాలి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, కాబట్టి 15 యూనిట్ల బ్యాటరీకి తక్కువ కుదరదు. అదే ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ల చార్జింగ్, టీవీ, చిన్న ఫ్రిజ్ అన్నీ కలిపినా జాగ్రత్తగా వాడుకుంటే రోజుకు రెండు యూనిట్లలో సరిపోతుంది. ఇక వేన్నీళ్లు. వంద లీటర్లను 15 డిగ్రీల నుంచి 45కు కాచాలంటే మూడున్నర యూనిట్లు కావాలి. డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టుకుంటే ఆ పని కరెంటు లేకుండానే అయిపోతుంది. వెచ్చదనాన్ని కరెంటుతో కొనాలనుకున్న మరుక్షణం రెండు యూనిట్ల ఇల్లు పద్నాలుగు యూనిట్ల ఇల్లయి కూర్చుంటుంది. కొన్నేళ్లకోసారి మార్చాల్సిన ఆ బ్యాటరీల ఖర్చు సంగతి సరే, పాతవాటిని ఘాట్ రోడ్డు దింపి ఎక్కడ పారేస్తారు?

కెనడా, నార్వే వీడియోలు చూసి ఇక్కడ ప్లాను గీసుకునేవాళ్లు ఒక తేడా గమనించడం లేదు. ఆ దేశాల్లో చలి ముదిరే కాలానికి ఎండ పలచబడుతుంది. హీటర్ల అవసరం పెద్దగా లేకుండానే వెచ్చగా ఉండేలా కట్టే ఇంటిని పాసివ్ హౌస్ అంటారు. ప్రపంచంలో తొలి పాసివ్ హౌస్ 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వాడకంలోకి వచ్చింది. ఆ ఊళ్లో డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 17 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అందుకే వాళ్లకు మూడు పొరల అద్దాలు, అడుగు మందం ఇన్సులేషన్, గాలి చొరబడని తలుపులు అవసరమయ్యాయి. అరకులో అదే రోజున సూర్యుడు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మన కొండల మీద చలీ ఎండా కలిసే వస్తాయి.

అదెలాగో చెబుతాను. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు పడిపోయిందని పత్రికలో చదివిన రోజున కూడా, మధ్యాహ్నానికి అక్కడ స్వెట్టర్ విప్పాల్సి వస్తుంది. రాత్రి అంత చలికి కారణం మబ్బు లేని ఆకాశం. నేలలోని వేడి అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. తెల్లారి తొమ్మిది, పదింటికి పొగమంచు విడిపోయాక అదే నిర్మలమైన ఆకాశం నుంచి ఎండ దండిగా దిగుతుంది. చలికి కారణమైన ఆకాశమే వెచ్చదనమూ ఇస్తోంది. మధ్యాహ్నపు ఆ వేడిని అర్ధరాత్రి దాకా ఎక్కడ దాచాలన్నదే సమస్య. దానికి లిథియం బ్యాటరీ అక్కర్లేదు, మట్టి చాలు. అడుగున్నర మందం మట్టి గోడను దాటి వేడి లోపలికి రావడానికి సుమారు పది, పన్నెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఎండ తాకిన గోడ, ఇంట్లో అందరూ దుప్పట్లు ముసుగుతన్ని పడుకున్న వేళకు లోపలికి వేడి వదులుతుంది. దక్షిణం వైపు మూడు చదరపు మీటర్ల అద్దం పెట్టి, దాని వెనక నేలను నల్లరాయితో పరిచారనుకోండి. ఆకాశం తేటగా ఉన్న చలికాలపు రోజున ఏడెనిమిది యూనిట్లకు సమానమైన వేడి లోపలికొస్తుంది. పొద్దు వాలగానే చెక్క రెక్కలు మూసేస్తే అందులో చాలా భాగం ఇంట్లోనే ఉంటుంది. హీటర్ కోసం పెట్టబోయిన ఖర్చంతా ఒక కిటికీకీ ఒక గోడకీ తగ్గిపోయింది.

ఇది పుస్తకాల్లో మాట మాత్రమే కాదు. లద్దాఖ్‌లో లేహ్ దగ్గరి ఫేలో సోనమ్ వాంగ్‌చుక్, ఆయన సహచరులు కట్టిన సెక్‌మోల్ విద్యా ప్రాంగణం మట్టి గోడలదే. దక్షిణానికి అద్దాలు తెరిచి పెట్టారు. బయట మైనస్ 15 ఉన్నా లోపల 14 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అంత చలిలో అక్కడ సాధ్యమైనప్పుడు, సున్నాకు కాస్త పైనే ఆగే మన మన్యంలో ఎందుకు సాధ్యం కాదు?

ఇక్కడ మనవాళ్లు వాస్తు ఎత్తుతారు. దక్షిణం మూయాలి, అటు బరువు ఉంచాలి, తూర్పు, ఉత్తరాలు తెరవాలి. పట్టింపు ఉన్నవాళ్లతో నేను వాదించను. దక్షిణాన బరువే కదా కావాలి? అటు మందపాటి గోడ కట్టి, దానికి ముదురు రంగు పూసి, బెత్తెడు ఎడంగా బయట అద్దం బిగించండి. ఫ్రెంచి ఇంజనీరు ఫెలిక్స్ ట్రాంబ్ పేరుతో ప్రపంచమంతా పిలిచే గోడ అదే. దిక్కూ బరువూ రెండూ కుదురుతాయి. వేసవిలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు కాబట్టి మూడడుగుల చూరు ఉంటే ఆ అద్దం నీడలోనే ఉంటుంది.

గోడలు చలి సంగతి చూసుకున్నాక, ప్యానెళ్లు ఎన్నో నిర్ణయించేది చలికాలం కాదు, వానాకాలం. జులై నుంచి సెప్టెంబరు దాకా కొండల మీద మబ్బు రోజుల తరబడి కదలదు. ప్యానెల్ ఇచ్చేది మూడో వంతుకు పడిపోయినా, ఒకటిన్నర కిలోవాట్ నుంచి రోజుకు రెండు యూనిట్లు వస్తాయి. మన ఇంటికి కావాల్సింది అంతే. హీటర్ లెక్కలోకి తెచ్చినవాళ్లు మాత్రం ఇంతకు ఎన్ని రెట్లు పెట్టుకున్నా మబ్బులో చతికిలపడతారు.

ఈ తెలివంతా లద్దాఖ్ నుంచో జర్మనీ నుంచో తెచ్చుకోనక్కర్లేదు. మన్యంలో పాత గిరిజన ఊళ్లు చూడండి. పల్లపు నేల వరికి వదిలేసి, చల్లగాలి నిలవని చోట, కాస్త మెరకన ఇళ్లు కట్టుకున్నారు. ఎర్రమట్టి మెత్తిన దళసరి గోడలు, చిన్న తలుపు, నడుం ఎత్తుకు దిగిన చూరు. నడుమ పొయ్యి, దానికి పైన వెదురు తడకల అటక. ఆ అటక మీద చోళ్లు, సామలు. పొయ్యి సెగ గింజకు పురుగు పట్టనివ్వదు, అటక మీది గింజలు కింద వెచ్చదనాన్ని ఎగిరిపోనివ్వవు. ఆ పొగ ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ తినేస్తుందన్నది కూడా నిజం. పొగగొట్టం ఉన్న పొయ్యి, గోడ పైభాగాన గాలి పోయే కన్నం తప్పనిసరిగా పెట్టాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ సంగతి టూరిస్టు కాటేజీల వాళ్లకూ తెలియాలి.

పాడేరు మండలంలో ఓ ఊరికి పుష్యమాసంలో తెల్లవారుజామున వెళ్లాను. మంజూరైన కొత్త ఇంటికి డబ్బు చాలక స్లాబు బదులు రేకులు వేశారు. రేకు లోపలి వైపు రాత్రంతా చెమ్మ పట్టి, బొట్లు బొట్లుగా మంచం మీద రాలుతోంది. గొంగళి ముట్టుకుంటే తడి. ఇంటిల్లిపాదీ వెనకనున్న పాత మట్టి వంటింట్లో పొయ్యి చుట్టూ పడుకుని ఉన్నారు. కొత్త ఇంట్లో బస్తాలు, సైకిలు, రేషను బియ్యం. లబ్ధిదారుల జాబితాలో మాత్రం ఆ ఇల్లు పూర్తయింది.

మట్టి ఇల్లంటే ఏటా అలుకుడు, చెదలు, వానకు కరిగే గోడలు, అందుకే గిరిజనులే స్లాబు ఇల్లు అడుగుతున్నారని అధికారులు అంటారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. హుద్‌హుద్ లాంటి తుపాను 2014 అక్టోబరులో కళ్ల ముందు విరుచుకుపడ్డాక గట్టి ఇల్లు ఎవరికి అక్కర్లేదు? కానీ గట్టిదనానికీ చలికీ పోటీ పెట్టాల్సిన పనేముంది? ఐదు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన మట్టి ఇటుక వానకు కరగదు. కేరళలో పనిచేసిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఇటుకలు నిలబెట్టి పేరిస్తే దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, గోడ మధ్యలో గాలి పొర చలిని ఆపుతుంది. రాతి పునాది, బిగించి కట్టిన పెంకుల కప్పు, దాని కింద మట్టి మెత్తిన అటక ఉంటే స్లాబు కంటే వెచ్చగా ఉంటుంది. నాలుగైదంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి ఆకాశానికి ధారపోస్తుంది. కోస్తాలో అది మనకు ఉక్కపోత, కొండ మీద వణుకు.

అసలు ఆ ఇళ్ల ప్లాను సముద్రమట్టం దగ్గర గీసిందే. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద కోందు, పోర్జా, గదబ వంటి ఆదిమ తెగల కుటుంబాలకు ఇంటికి రెండు లక్షల సాయం కేటాయించారు. గ్రామీణ గృహ నిర్మాణ మార్గదర్శకాలు వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లు ఉండాలంటాయి. స్థానిక సామగ్రి, స్థానిక నమూనా వాడుకోవచ్చనీ అంటాయి. కాగితం ఒప్పుకున్నదాన్ని క్షేత్రంలో ఎవరూ చేయరు. మేస్త్రీ మైదానం నుంచి వస్తాడు, ఇటుక లారీ మైదానం నుంచి వస్తుంది, గుమ్మం రోడ్డుకు తిరుగుతుంది. ఎండ ఏ దిక్కు నుంచి వస్తుందో అడిగే నాథుడు లేడు.

కొండకూ కోస్తాకూ మధ్య బేరం ఎప్పుడూ ఇలాగే సాగింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి మొదలుపెట్టింది, 120 మెగావాట్లు. సీలేరు తర్వాత వచ్చింది. ఆ కరెంటు దశాబ్దాల తరబడి పల్లానికి దిగింది, దాన్ని మోసిన తీగల కింది ఊళ్లలో దీపం చాలా ఆలస్యంగా వెలిగింది. కాఫీ దిగింది, కలప దిగింది. పైకెక్కింది మాత్రం మన సిమెంటు, మన ప్లాను, ఇప్పుడు మన వారాంతపు సరదా. ఆ నేల గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదని 1/70 చట్టం చెబుతుంది. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తేల్చింది. బినామీ పేర్ల మీద లేచే కాటేజీకి పైన ఎన్ని సోలార్ ప్యానెళ్లు బిగించినా అది పర్యావరణ హితం కాదు. ఆ కోరిక విశాఖవాసులు మానుకోవాలి.

మన దగ్గరున్న చదువును మాత్రం పైకి పంపొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, పాడేరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, చింతపల్లిలో ఏళ్ల తరబడి ఉష్ణోగ్రతలు రాసిపెట్టిన పరిశోధన స్థానం ఉంది. ఈ మూడూ కలిసి చింతపల్లి, జి.మాడుగుల, హుకుంపేట, అనంతగిరి మండలాల్లో ఒక్కొక్క ఇల్లు, అదే రెండు లక్షల హద్దులో, ఊరి మేస్త్రీ చేతనే కట్టించాలి. దక్షిణపు కిటికీ, మట్టి ఇటుక గోడ, అటక, పొగగొట్టం, చిన్న సోలార్ సెట్టు. పక్కనే ఇప్పటి ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు ఎలాగూ ఉంటుంది. రెండింట్లోనూ థర్మామీటర్లు వేలాడదీసి, మార్గశిరం నుంచి మాఘం దాకా తెల్లవారుజామున నాలుగింటి లెక్క ఊరి సచివాలయం గోడ మీద రాయించాలి. తర్వాతి విడత ఇళ్లు మంజూరు చేసేముందు, ఏ ఇల్లు కావాలో ఆ చలికాలం గడిపిన కుటుంబాలనే గ్రామసభలో అడగాలి.