బ్యాంకాక్ వెళ్ళారు సరే, ఊరు చూశారా?

సంక్రాంతి సెలవుల్లో బ్యాంకాక్ వెళ్ళొచ్చినప్పటి నుంచి, అంతకు ముందు అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న వేస్తున్నాను. "రాజభవనం గోడల మీద రామాయణం చూశారా?" అని. దాదాపు అందరూ "అదెక్కడ?" అనే అంటున్నారు. రెండు మూడు సార్లు వెళ్ళినవాళ్ళు కూడా. వీళ్ళకు ఏ మాల్‌లో ఏ అంతస్తులో ఏమి దొరుకుతుందో తెలుసు. సూట్‌కేసు బేరం ఎంత దాకా తగ్గుతుందో తెలుసు. ప్యాలెస్ సంగతి ఎత్తితే మాత్రం "బయటి నుంచి చూశాం" అంటారు. బయట ఏముందండీ? తెల్లటి గోడ ఉంది.

తప్పు పూర్తిగా వాళ్ళది కాదని ఒప్పుకుంటాను. మేమూ ప్యాకేజీలోనే వెళ్ళాం. మా బంధువులు, స్నేహితులు కలిసి పద్దెనిమిది మంది. 2023 నవంబరులో వీసా బాధ తీసేసిన దగ్గర నుంచి మనవాళ్ళకు బ్యాంకాక్ పక్క ఊరైపోయింది. సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం శిల్పం ఒకటి ఉంటుంది. దేవతలు ఒక వైపు, రాక్షసులు ఒక వైపు, మధ్యలో వాసుకి. అందరం దాని ముందు వరుసగా నిలబడి సెల్ఫీలు తీసుకున్నాం. తీసుకుని నేరుగా పట్టాయా బస్సెక్కాం. వాసుకి తోక పట్టుకున్నవాళ్ళు ఎవరు, తల పట్టుకున్నవాళ్ళు ఎవరు అని అమ్మ అడుగుతూనే ఉంది. బస్సు కదిలిపోయింది.

మూడో రోజు బ్యాంకాక్ తిరిగొచ్చాక పట్టికలో ఉన్నది "సగం రోజు నగర దర్శనం". అందులో బంగారు బుద్ధుడు, ఇంకో గుడి, ఆ తర్వాత రంగురాళ్ళ షోరూము. గ్రాండ్ ప్యాలెస్ పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, అడుగున "అదనపు రుసుముతో, కోరినవారికి మాత్రమే" అని రాశారు. ఆ నగరం పుట్టిందే ఆ ప్యాలెస్‌తో. 1782లో థాయ్ రాజు మొదటి రామ నదికి ఆవలి గట్టున ఉన్న థోన్‌బురి నుంచి ఇవతలి గట్టుకు రాజధానిని మార్చి కట్టించుకున్న కోట అది. అది మనకు ఐచ్ఛికం. షోరూము మాత్రం తప్పనిసరి.

బంగారు బుద్ధుడి దగ్గర ఇరవై నిమిషాలు ఇచ్చారు. గడియారం చూసి చెబుతున్నాను. గైడు చెప్పింది ఒక్క మాట, "అయిదున్నర టన్నుల బంగారం". అంతే, మా బస్సులో సగం మంది ఫోన్లు తీసి ఈరోజు తులం ధర ఎంత అని లెక్కలు మొదలుపెట్టారు. అసలు కథ ఎవరూ చెప్పలేదు. ఆ విగ్రహం ఏళ్ళ తరబడి సున్నపు పూత కింద మామూలు గచ్చు బొమ్మలా ఉండిపోయింది. బర్మా సైన్యాల కంట పడకుండా ఎప్పుడో ఎవరో అలా కప్పి ఉంటారని అంటారు. అది బంగారమన్న సంగతి అందరూ మరిచిపోయారు. 1955లో కొత్త మందిరంలోకి ఎత్తుతుంటే తాడు తెగి కింద పడింది, పూత పగిలి లోపల పసుపు రంగు కనిపించింది. ఇంత కథను ఇరవై నిమిషాల్లో వినలేమా? వినొచ్చు. చెప్పేవాడు కావాలి, అడిగేవాడూ కావాలి.

రంగురాళ్ళ షోరూములో గంటన్నర. చల్లటి గాలి, చేతికి పండ్లరసం, మెత్తటి కుర్చీలు. "బాగున్నారా అండీ" అని తెలుగులో పలకరించే అమ్మాయి కూడా ఉంది.

ప్యాలెస్ చుట్టుపక్కల ఒక పాత మోసం ఉంది. టుక్‌టుక్ నడిపేవాడు దగ్గరికొచ్చి "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, మధ్యాహ్నం తెరుస్తారు, ఈలోగా మంచి బుద్ధుడిని చూపిస్తా రండి" అని ఎక్కించుకుని చివరికి రాళ్ళ దుకాణం ముందు దించుతాడు. బ్యాంకాక్ వెళ్ళేవాళ్ళందరికీ ఈ జాగ్రత్త చెబుతారు. అయితే మా ప్యాకేజీ చేసింది ఏమిటి? ప్యాలెస్ చూపించకుండా ఒక బుద్ధుడిని చూపించి రాళ్ళ దుకాణంలో దించింది. టుక్‌టుక్ వాడు చేస్తే మోసం, ఏసీ బస్సులో చేస్తే నగర దర్శనం. పైగా దీనికి ముందే డబ్బు కట్టాం.

మర్నాడు "షాపింగ్‌కు ఖాళీ". అందరూ మాల్ దారి పట్టారు. నేనూ అమ్మా తప్పించుకున్నాం. మెట్రో ఎక్కి సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగితే వాట్ ఫో గుడి, అక్కడి నుంచి ప్యాలెస్ నడిచి వెళ్ళే దూరమే. మేం వెళ్ళినప్పుడు టికెట్టు 500 బాత్‌లు, మన డబ్బుల్లో పన్నెండు వందల పైమాట. ఖరీదే, కాదనను. కానీ ముందు రోజు సాయంత్రం మా బృందంలో ఒకాయన అంతకు రెట్టింపు పెట్టి తేలు వేపుడు తింటున్నట్టు ఫోటో తీయించుకున్నారు. తినలేదు, ఫోటో మాత్రమే. మోకాళ్ళు కనిపించే నిక్కర్లతో లోపలికి రానివ్వరు. గేటు బయట ఏనుగు బొమ్మల పైజామాలు అమ్మేవాళ్ళ వ్యాపారమంతా ఈ నియమం మీదే నడుస్తోంది.

లోపల మరకత బుద్ధుడి గుడి, వాట్ ఫ్రా కేవ్. విగ్రహం చాలా చిన్నది, 66 సెంటీమీటర్లు. మరకతం అంటారు కానీ పచ్చటి జేడ్ రాయి. ఎండకాలం, వానకాలం, చలికాలం అని ఏడాదికి మూడు సార్లు రాజుగారే స్వయంగా వస్త్రాలు మారుస్తారు. జనమంతా ఆ గుడిలోకి తోసుకుంటూ వెళ్ళి, దండం పెట్టుకుని, బయటికొచ్చి బంగారు స్తూపం ముందు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. చుట్టూ ఉన్న పొడుగాటి వసారాలో నీడ ఉంది, చల్లగా ఉంది, జనం పలచగా ఉన్నారు. ఆ వసారా గోడ మీదే రామకియెన్, అంటే థాయ్ రామాయణం, 178 చిత్రాలుగా పరుచుకుని ఉంది. నాగలి చాలులో సీత దొరకడంతో మొదలవుతుంది.

అమ్మ రెండు గంటలు ఆ వసారా వదల్లేదు. మోకాళ్ళ నొప్పులని ముందు రోజు బస్సు దిగనన్న మనిషి.

ఒక చిత్రం ముందు ఆగిపోయింది. తెల్లటి కోతి ఒకటి కొండంత పెరిగి నోరు తెరుచుకుని ఉంది, ఆ నోట్లో ఒక మండపం. వాళ్ళ హనుమంతుడు తెల్లగా ఉంటాడు. నేను ఫోనులో వెతికి చెప్పబోయేలోగా తనే అంది, "ఒరేయ్, ఇది మైరావణుడి కథ కదరా!" నిజంగా అదే. వాళ్ళు మయరాప్ అంటారు. మా అమ్మమ్మగారి ఊళ్ళో శివరాత్రి జాగారానికి తోలుబొమ్మలాట ఆడేవారట, తెల్లవారే దాకా మైరావణుడి కథే. అందులో హనుమంతుడు తోకను చుట్టచుట్టి కోట కట్టి లోపల రామలక్ష్మణులను దాస్తాడు. మైరావణుడు విభీషణుడి వేషంలో వచ్చి ఎత్తుకుపోతాడు. ఇక్కడ తోక లేదు, ఏకంగా మండపాన్నే నోట్లో పెట్టుకున్నాడు. మయరాప్ నిద్రపొడి ఊది అందరినీ పడుకోబెట్టి రాముణ్ణి పాతాళానికి తీసుకుపోతాడు. "నోట్లో పెట్టుకోవడమే మంచి ఉపాయం, తోక అయితే సందులుంటాయి" అంది అమ్మ కాసేపు ఆలోచించి.

ఆ తర్వాత చిక్కొచ్చింది. పాతాళం దారిలో హనుమంతుణ్ణి అడ్డుకునేవాడు మచ్చాను, హనుమంతుడి కొడుకే. మన మత్స్యవల్లభుడు. మన కథలో సముద్రం దాటుతున్నప్పుడు పడ్డ చెమట చుక్కను చేప మింగితే పుడతాడు. వాళ్ళ కథలో అంత దాపరికం లేదు. వారధి కడుతుంటే రాళ్ళు మాయం చేస్తున్న మత్స్యకన్యను హనుమంతుడు పట్టుకుంటాడు. ఆమె పేరు సుఫన్నమచ్చా, అంటే సువర్ణమత్స్య, స్వయానా రావణుడి కూతురు. ఇద్దరికీ మనసు కలుస్తుంది, కొడుకు పుడతాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. "బ్రహ్మచారికి సంసారం అంటగడతారా, వీళ్ళకు బుద్ధి ఉందా?" అంది. నాలుగు చిత్రాలు ముందుకు వెళ్ళాక, నేను ఏమీ అనకపోయినా, తనే గొంతు తగ్గించి, "అయినా చెమట చుక్క కన్నా ఇదే నమ్మేట్టు ఉందిలే" అంది.

ఇక్కడ ఇంకో రకం మనుషుల మీద కూడా నా కోపం ఉంది. చూడనివాళ్ళు ఒక జాతి. చూసి "ఇదంతా మనదే, వీళ్ళు కాపీ కొట్టారు" అనేవాళ్ళు రెండో జాతి. ఆ సాయంత్రం నేను ఫోటోలు చూపిస్తే మా బృందంలో ఒక పెద్దాయన ఈ మాటే అని ఫోను తిరిగి ఇచ్చేశారు. మూడో ఫోటో కూడా చూడలేదు. మనదే కదా, ఇంక చూడటం ఎందుకు? అయ్యా, 1767లో బర్మా సైన్యం వాళ్ళ పాత రాజధాని అయుథయాను తగలబెడితే అక్కడి గ్రంథాలెన్నో బూడిదయ్యాయి. కొత్త రాజధాని కట్టుకున్న పదిహేనేళ్ళకు, 1797లో, మొదటి రామ రాజు ఈ కథను మళ్ళీ కూర్చి రాయించాడు. అందులో సీత దశకంఠుడి కూతురు. హనుమంతుడు రసికుడు. వాళ్ళకు రాక్షసుల మీద కూడా ప్రేమ ఎక్కువే. ప్యాలెస్ గుడి ద్వారాల దగ్గర కాపలా ఉన్న నిలువెత్తు యక్షుల్లో పచ్చటి ఒళ్ళుతో తోసకాన్ నిలబడి ఉంటాడు. తోసకాన్ అంటే దశకంఠుడు. బుద్ధుడి గుడికి రావణుడు కాపలా! ఇది ఎవరి కాపీ అండీ?

భాష మాత్రం మన చెవికి అందుతుంది, అది నిజం. థాయ్‌లు తమ నగరాన్ని బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థేప్ అంటారు, దేవనగరం అని. పూర్తి పేరు ఒక్క ఊపిరిలో చదవలేం. అందులో "నొప్ఫరత్ రాచథానీ" అని వస్తుంది, అది నవరత్న రాజధాని. "అమోన్ ఫిమాన్" అమర విమానం. "సక్కథత్తియ విత్సనుకమ్ ప్రసిత్" అంటే శక్రుడు ఇచ్చినది, విశ్వకర్మ కట్టినది. ఒకసారి చెవి అలవాటు పడితే మెట్రోలో స్టేషన్ల పేర్లు వింటూ కూర్చోవడమే సరదాగా ఉంటుంది. అమ్మకు ఇదొక ఆటైపోయింది.

వాట్ ఫో గురించి ఎక్కువ చెప్పను, 46 మీటర్ల శయన బుద్ధుడి ఫోటో అందరూ చూసిందే. ఒక్క విన్నపం, తల దగ్గర ఫోటో తీసుకుని వెనక్కి తిరగకండి. పాదాల దాకా నడవండి. అరికాళ్ళ మీద ముత్యపు చిప్పలు పొదిగిన 108 మంగళ చిహ్నాలు ఉన్నాయి. పక్కనే వరుసగా 108 కంచు గిన్నెల్లో జనం నాణేలు వేస్తుంటే హాలంతా ఆ టంగుటంగుమనే చప్పుడే.

ప్యాకేజీ బస్సు ముందు రోజు ఒక ఎర్రటి పెద్ద ఉయ్యాల స్తంభాల పక్క నుంచే వెళ్ళింది. ఆపలేదు. దాన్ని సావ్ చింగ్ చా అంటారు. ఒకప్పుడు అక్కడ ఉయ్యాల ఊగుతూ పైన కట్టిన నాణేల సంచిని పళ్ళతో అందుకునేవారు. 1935లో ఆపేశారు. ఆ పండుగ పేరు త్రీయంపవాయ్, త్రీపవాయ్. శివుడికి ఒకటి, విష్ణువుకు ఒకటి. పేర్లు ఎక్కడో విన్నట్టు లేదూ? తమిళ శైవ కవి మాణిక్కవాచకర్ తిరువెంబావై, ఆండాళ్ తిరుప్పావై. ధనుర్మాసంలో మన ఊళ్ళ గుళ్ళలో మైకుల్లో వినిపించే పాశురాల పేరు సముద్రం దాటి, మాట నలిగి, ఒక బౌద్ధ రాజధానిలో ఉయ్యాల పండుగకు అంటుకుంది. ఆ స్తంభాల పక్క వీధిలోనే 1784 నాటి బ్రాహ్మణ దేవస్థానం ఉంది. రాజుగారి కార్యాలు చేయించే బ్రాహ్మణులు ఇప్పటికీ ఉన్నారు. మేం ధనుర్మాసం వెళ్ళీ వెళ్ళకముందే ఆ వీధి పక్కగా రంగురాళ్ళు కొనడానికి పరుగెత్తాం. ఈ ఒక్క సంగతికి నాకు ఇంకా మనసు చివుక్కుమంటుంది.

అదే రోడ్ల మీద ప్రజాస్వామ్య స్మారకం ఉంది. నాలుగు రెక్కలు, ఒక్కొక్కటి 24 మీటర్లు. 1932 జూన్ 24న రాజు నిరంకుశాధికారం ముగిసిన తేదీకి గుర్తు అది. ఆ మార్పును గుర్తు చేస్తూ వేరొక కూడలిలో నేలలో పొదిగిన ఇత్తడి ఫలకం 2017లో మాయమైంది. అక్కడ మనకు తెలిసిన దేవుళ్ళు లేరు కాబట్టి మనవాళ్ళు ఎవరూ దిగరు. నాకైతే ప్యాలెస్ చూసిన రోజే దీన్ని కూడా చూడటం మంచిదనిపించింది.

మాల్ పక్కనే ఉండటం వల్ల మనవాళ్ళు తప్పకుండా చూసేది ఎరావాన్ చతుర్ముఖ బ్రహ్మ. 1956లో పెట్టిన విగ్రహం. "బ్రహ్మకు గుడి ఎక్కడా ఉండదు, ఇక్కడే చూడాలి" అని మా గైడు చెబితే బస్సంతా అబ్బురపడింది. గుంటూరు పక్కన చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది మహాప్రభో! అయినా కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికే ఎంతమందిమి వెళ్ళాం? ఆగ్నేయాసియా తొలి బుద్ధ విగ్రహాల మీద అమరావతి శైలి నీడ ఉందని కళాచరిత్రకారులు రాశారు. ఆ స్తూపం పలకలు సగం లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. బ్యాంకాక్ వాళ్ళను ఏమనడానికి నాకు నోరు రాదు, మనల్నే అంటున్నాను.

సాయంత్రం రేవు నుంచి కొద్ది బాత్‌ల టికెట్టుతో పడవ ఎక్కి నది దాటి వాట్ అరుణ్ వెళ్ళాం. అరుణుడి గుడి. దూరం నుంచి రాతి చెక్కడంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే పింగాణీ ముక్కలు. చైనా నుంచి వచ్చిన పళ్ళాలు, గిన్నెల పెంకులతో పువ్వులు చేసి గోపురం నిండా అతికారు. ఒక పువ్వు మధ్యలో చిన్న సాసరు అడుగు అలాగే ఉంది, నీలి గీతతో సహా. అమ్మ దాన్ని వేలితో తాకబోయి, చేయి వెనక్కి తీసుకుని, "మన ఇంట్లో పగిలినవన్నీ చెత్తబుట్టలో వేశాను" అంది.

హోటలుకు వచ్చేసరికి మిగతావాళ్ళు సూట్‌కేసులు తూకం వేసుకుంటున్నారు. "ఏం కొన్నారత్తయ్యా?" అని అమ్మ మేనకోడలు అడిగింది. అమ్మ చేతిలో ఒక మంచినీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు మా బృందం వాట్సాప్‌లో వచ్చే ఏడాది హనోయ్ ప్యాకేజీ చర్చ నడుస్తోంది. పట్టిక వచ్చింది, "సగం రోజు నగర దర్శనం" అనే ఉంది. షాపింగ్‌కు ఎంత సమయం ఇస్తారని అప్పుడే నలుగురు అడిగారు. నేనింకా జవాబు పెట్టలేదు. అమ్మ మాత్రం అక్కడ హనుమంతుడు ఉంటాడా, ఉంటే ఏ రంగులో ఉంటాడో కనుక్కోమంటోంది.